పాలు చేయని నేరం

మూడో నెలో నాలుగో నెలో నిండేసరికి కొందరు పసిపిల్లల బుగ్గలు గరుకెక్కుతాయి. ఆ గరుకు మీద సన్నటి పొక్కులు లేస్తాయి. పొక్కులు చితికి రసి కారుతుంది, రసి ఎండి చెక్కు కడుతుంది. బిడ్డ తన చెంపను తల్లి భుజానికేసి రుద్దుకుంటుంది, పక్కగుడ్డకేసి రుద్దుకుంటుంది. తను నిద్రపోదు, ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వదు. అప్పుడు పెద్దవాళ్ళ చూపు బిడ్డ మీంచి తల్లి మీదికి మళ్ళుతుంది. “ఏం తిన్నావే?” అంటారు. వంకాయ కూరా, గోంగూరా, చేపలా, గుడ్డా? ఆ పూట నుంచి బాలింత పథ్యం మరింత బిగుస్తుంది. బిడ్డ చెంప మాత్రం మానదు.

డాక్టర్లు ఎటోపిక్ డెర్మటైటిస్ అనీ, అందరూ ఎగ్జిమా అనీ అనే ఈ జబ్బు చరిత్రలో మందుల కంటే ముందు నిందలు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళకు పైగా వైద్యులు బిడ్డ చర్మాన్ని చూసి తల్లి పాలనో, తల్లి తిండినో, చివరికి తల్లి మనసునో తప్పుపట్టారు. చర్మాన్ని చర్మంగా చూడటానికి చాలాకాలం పట్టింది.

మన దగ్గరే మొదలుపెడదాం. చరక, సుశ్రుత సంహితలూ, పిల్లల వైద్యం ప్రధానంగా సాగే కాశ్యప సంహితా తల్లిపాల దోషాలను వివరంగా చర్చించాయి. తల్లి ఆహార విహారాలు దారి తప్పితే పాలు చెడతాయనీ, ఆ పాలు బిడ్డకు జబ్బు తెస్తాయనీ చెప్పాయి. చరకుడు కుష్ఠం అన్న పేరు కింద 18 రకాల చర్మవ్యాధులను లెక్కగట్టాడు. వాటిలో విచర్చికను దురదపెట్టే, నలుపు తిరిగిన, బాగా రసికారే పొక్కులుగా వర్ణించాడు. నేటి ఆయుర్వేద వైద్యులు ఎగ్జిమాతో పోల్చేది దీన్నే. ఈ వ్యాధులకు ఆయన చెప్పిన కారణాల్లో విరుద్ధాహారం ఒకటి, పాలూ చేపలూ కలిపి తినడం దానికి ఉదాహరణ. చేపలకూర తిన్న రోజు పెరుగు ముట్టని తెలుగు ఇళ్ళు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. అదే కాలపు సుశ్రుత సంప్రదాయం మరోచోట ఎంత నిశితంగా చూసిందో కూడా చెప్పాలి. పసిబిడ్డ పిరుదుల దగ్గర చర్మం పుండవడాన్ని అహిపూతనం అని పిలిచి, మలమూత్రాలు సరిగా కడగకపోవడం, చెమట పట్టిన ఒంటికి స్నానం లేకపోవడం దానికి కారణాలని రాసింది. డైపర్ వాడే తల్లులకు నేటి డాక్టర్ చెప్పేది దాదాపు ఇదే. అంటే తప్పు చర్మం బయటే ఉండవచ్చన్న ఆలోచన అప్పుడే ఉంది. బుగ్గల దాకా మాత్రం అది పాకలేదు.

యూరప్ కూడా ఇదే దారిన నడిచింది. పసివాళ్ళ ముఖం మీది చెక్కులను అక్కడి పాత వైద్యులు లాటిన్‌లో పాల చెక్కు అన్నారు. పాలిచ్చే దాదిని కుదుర్చుకునేటప్పుడు ఆమె ఒంటిరంగూ, తిండీ, కోపతాపాలూ ఆరా తీసేవారు. బిడ్డకు పొక్కులు లేస్తే దాదిని మార్చేవారు. పాలు చిక్కనైతే ఒక మాట, పలచనైతే ఇంకో మాట.

చర్మవ్యాధులను వరుసగా, కంటికి కనిపించిన ఆకారాన్ని బట్టి విడదీసి చూడటం లండన్‌లో రాబర్ట్ విల్లన్‌తో ఊపందుకుంది. 1757లో యార్క్‌షైర్‌లో పుట్టిన ఈ వైద్యుడు 1783 నుంచి కేరీ స్ట్రీట్‌లోని పబ్లిక్ డిస్పెన్సరీలో బీదవాళ్ళకు వైద్యం చేశాడు. లండన్ మురికివాడల పిల్లల చర్మం ఆయనకు రోజూ తెరిచిన పుస్తకం. పొక్కు, చీము పొక్కు, పొలుసు, మచ్చ అని తరగతులు పెట్టి, రంగు బొమ్మలతో 1798 నుంచి తన గ్రంథాన్ని భాగాలుగా వెలువరించాడు. 1812లో ఆయన చనిపోయాక శిష్యుడు థామస్ బేట్‌మన్ 1813లో ఆ పద్ధతిని సంగ్రహ గ్రంథంగా తెచ్చాడు. అందులో ఎగ్జిమా ఉంది. అయితే అది ఎండకు కందిన చర్మం, పాదరసపు మందులు పూయడం వల్ల లేచిన పొక్కులు వంటివాటికి పెట్టిన పేరు. పసివాళ్ళ బుగ్గల జబ్బు వేరే అధ్యాయంలో, ముసుగులా ముఖాన్ని కప్పే చెక్కుగా కనిపిస్తుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవని గుర్తించడానికి ఇంకా సమయం పట్టింది.

ఈలోగా మరో భయం వైద్యాన్ని శాసించింది. ఒంట్లోని చెడు చర్మం మీదుగా బయటికి పోతోందనీ, పైన మందు రాసి మాన్పితే అది లోపలికి పోయి ఊపిరితిత్తులనో మెదడునో పట్టుకుంటుందనీ నమ్మకం. పిల్లవాడి ఎగ్జిమా తగ్గాక ఆయాసం మొదలైతే, “చూశారా, లోపలికి కొట్టింది” అనేవారు. హోమియోపతి స్థాపకుడు శామ్యూల్ హానిమన్ 1828లో ఈ నమ్మకాన్నే సిద్ధాంతంగా విస్తరించాడు. అణచిపెట్టిన దురద జబ్బే దీర్ఘవ్యాధులకు మూలమన్నాడు. హోమియో బాగా వేళ్ళూనిన మన ప్రాంతంలో ఈ మాట ఇంకా వినిపిస్తుంది. “పైకి రానివ్వండి, ఆయింట్‌మెంట్ రాయకండి” అన్న సలహాతో నెలల తరబడి రసి కారుతూ నిద్రలేకుండా గడిపే బిడ్డ గురించి ఆలోచిస్తే, ఆ సిద్ధాంతం ఎంత ఖరీదైందో తెలుస్తుంది.

దానికి మొదటి గట్టి దెబ్బ ఒక విద్యార్థి చేతిలోని సూది నుంచి వచ్చింది. 1834లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రిలో కోర్సికా నుంచి వచ్చిన రెనూచీ, గజ్జి ఉన్న రోగి చర్మం నుంచి సూదిమొనతో పురుగును తీసి అందరికీ చూపించాడు. తన ఊళ్ళో ముసలమ్మలు చేసే పనే అది. గజ్జి రక్తదోషం అని వాదించిన పండితులు ఒప్పుకోక తప్పలేదు. వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. పురుగును తన ఒంటి మీదే వేసుకుని, అది ఎలా తొలుస్తుందో, దురద ఎలా పెరుగుతుందో గమనించి 1844లో రాశాడు. చర్మాన్ని ఘాటైన నూనెలతో రాపిడి చేస్తే ఎగ్జిమా లాంటిదే లేస్తుందని చూపాడు. ఎగ్జిమాను పైనుంచి మాన్పవచ్చు, మాన్పితే లోపలికి ఏదీ పోదు అన్నది హెబ్రా బోధన సారం. వేలమంది రోగుల మీద తారు, కొవ్వు, సీసపు లేపనాలు వాడాడు. ఆయన పేరుతోనే ఒక లేపనం యూరప్ మందుల షాపుల్లో చాలాకాలం నిలిచింది.

గజ్జికీ ఎగ్జిమాకూ తేడా తెలియడం పుస్తకాల విషయం మాత్రమే కాదు. మన పల్లెల్లో గజ్జి, తామర, చిడుము, పామ అని నాలుగు మాటలు కలిపే పలుకుతారు, చాలాసార్లు మందూ ఒకటే వేస్తారు. నూనెలో నూరిన గంధకం గజ్జి పురుగును చంపుతుంది. పొడిబారి చిట్లిన ఎగ్జిమా చర్మానికి అది మంట పెడుతుంది. ఇంట్లో నలుగురూ రాత్రిళ్ళు గోక్కుంటున్నారా, బిడ్డ అరచేతుల్లో, అరికాళ్ళలో, చంకల్లో పొక్కులున్నాయా అని డాక్టర్ మొదట అడిగేది అందుకే. అవునంటే గజ్జిని అనుమానించాలి. ఎగ్జిమా ఒకరి నుంచి ఒకరికి అంటదు. మాడు మీద జిడ్డుగా పొలుసులు కట్టి, పెద్దగా దురద లేకుండా కొన్ని వారాల్లో తగ్గేది ఇంకొకటి. హాంబర్గ్ వైద్యుడు పాల్ ఉన్నా 1887లో దాన్ని ఎగ్జిమాలోనే వేరు రకంగా విడదీశాడు.

ఆయాసంతో సంబంధం మాత్రం అబద్ధం కాదు. 1892లో పారిస్‌లో ఎర్నెస్ట్ బేనియే దాన్ని సరైన వెలుగులో చూశాడు. పసితనంలో మొదలై, తగ్గుతూ పెరుగుతూ ఏళ్ళపాటు సాగే ఈ దురద జబ్బు ఉన్న కుటుంబాల్లోనే ఉబ్బసమూ, పుప్పొడి జలుబూ కనిపిస్తున్నాయని రాశాడు. ఒకటి అణిగి ఇంకొకటి లేవడం లేదు, మూడూ ఒకే వంశంలో నడుస్తున్నాయి. 1923లో అమెరికాలో ఆర్థర్ కోకా, రాబర్ట్ కుక్ ఈ వంశపారంపర్య గుణానికి ఎటోపీ అని పేరుపెట్టారు. 1933లో ఫ్రెడ్ వైజ్, మారియన్ సల్జ్‌బర్గర్ ఆ పేరును చర్మవ్యాధికి జోడించారు.

ఈ జబ్బు చరిత్రలో అందరూ మరిచిపోయిన అధ్యాయం ఒకటుంది. మశూచి టీకా వేసిన బిడ్డకు చేతి మీద ఒక్క పొక్కు లేచి మానిపోవాలి. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఆ టీకాలోని వైరస్ పగిలిన చర్మం మీదుగా ఒళ్ళంతా పాకేది. తనకు వేయకపోయినా, అన్నకో అక్కకో వేసిన టీకా పొక్కు తగిలితే చాలు. హెబ్రా అల్లుడు మోరిట్జ్ కాపోసీ 1887లో ఎగ్జిమా పిల్లల ముఖాన మశూచిని పోలిన పొక్కులు ఉన్నట్టుండి కమ్ముకోవడాన్ని వర్ణించాడు. వాటిలో చాలావరకు పెదవి మీద జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ పని అని తర్వాత తేలింది. కారణం ఏ వైరస్ అయినా, తీరు ఒక్కటే. చర్మం అడ్డుగోడగా నిలవడం లేదు.

టీకా వల్ల వచ్చే ఈ ప్రమాదాన్ని పట్టించుకున్నవారిలో హెన్రీ కెంప్ ముఖ్యుడు. జర్మనీలోని బ్రెస్లావ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ పిల్లల డాక్టర్, టీకా వేయించుకున్నవారి రక్తం నుంచి తీసిన రోగనిరోధక గ్లోబ్యులిన్‌ను ఎగ్జిమా పిల్లలకు ఇచ్చి మరణాలను తగ్గించాడు. అదే మందు మశూచి రోగుల ఇంటివాళ్ళను కాపాడుతుందా అని పరీక్షించింది మద్రాసులో. అక్కడి డాక్టర్లతో, బ్రిటిష్ వైరస్ శాస్త్రవేత్త ఎలన్ డౌనీతో కలిసి చేసిన ఆ పని 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. మద్రాసు వార్డుల్లో మశూచిని కళ్ళారా చూసిన మనిషే, 1965లో అమెరికాలో మశూచి లేనప్పుడు ప్రతి బిడ్డకూ టీకా ఎందుకని అడిగాడు. చాలామందికి అది అపచారంగా తోచింది. 1972లో ఆ దేశం ఆ టీకాను మామూలు పట్టిక నుంచి తీసేసింది. భారతదేశం మశూచి నుంచి బయటపడినట్టు 1977లో ప్రకటించారు. ఎగ్జిమా పిల్లలకు ఒక పెద్ద గండం దాంతో తప్పిపోయింది. పూర్తిగా పోలేదనడానికి సాక్ష్యం 2007లో వచ్చింది. ఇరాక్ వెళ్ళబోతూ టీకా వేయించుకున్న అమెరికన్ సైనికుడి నుంచి, ఎగ్జిమా ఉన్న అతని రెండేళ్ళ కొడుక్కి వైరస్ అంటింది. షికాగో డాక్టర్లు వారాల తరబడి పోరాడి ఆ బాబును బతికించారు.

హెర్పిస్ ప్రమాదం ఇప్పటికీ ఉంది. ఎగ్జిమా బిడ్డ ముఖం మీద ఒకే పరిమాణంలో, మధ్యలో గుంటపడ్డ పొక్కులు గుంపుగా లేచి, జ్వరం వచ్చి, పాలు తాగడం మానేస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్న చుట్టాలు పసివాళ్ళను ముద్దుపెట్టుకోకూడదన్నది కూడా ఈ అధ్యాయం నేర్పిన పాఠమే.

20వ శతాబ్దంలో నింద తల్లి పాల నుంచి తల్లి మనసుకు మారింది. ఆ రోజుల్లో ఎగ్జిమా పిల్లలు గోక్కోకుండా మోచేతులకు అట్టముక్కలు కట్టేవారు, చేతులను మంచానికి కట్టేవారు. తారు పూసిన కట్లలో, తల్లికి దూరంగా, ఆస్పత్రి వార్డుల్లో వారాల తరబడి ఉంచేవారు. ఆ పిల్లలు ఏడవడం, చిరాకుపడటం సహజం. మానసిక విశ్లేషకులు మాత్రం దానికి కారణాన్ని తల్లిలో వెతికారు. పసివాళ్ళ మీద పేరుపొందిన పరిశోధనలు చేసిన రెనే స్పిట్జ్ 1951లో పసివాళ్ళ ఎగ్జిమాకు మూలం ఆందోళన ముసుగులో దాగిన తల్లి వైరభావమని రాశాడు. ఆయన గమనించిన తల్లులు నేరాలకు శిక్షపడి సంస్థల్లో ఉన్న యువతులు. అలాంటి చోట, చర్మం చిట్లిన బిడ్డను ముట్టుకోవడానికి సందేహించే తల్లిని చూసి, ఆ సందేహమే జబ్బు తెచ్చిందనడం ఎంత అన్యాయమో ఇప్పుడు సులువుగా కనిపిస్తుంది. అప్పట్లో అది శాస్త్రంగా చెలామణీ అయింది.

ఆ అట్టముక్కలను విప్పించింది ఒక హార్మోన్. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతపు రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. రెండేళ్ళకే ఆయనకు, ఎడ్వర్డ్ కెండాల్‌కు, తడియస్ రైక్‌స్టైన్‌కు నోబెల్ వచ్చింది. కార్టిజోన్‌ను చర్మం మీద రాస్తే పనిచేయలేదు. దాని దగ్గరి బంధువు హైడ్రోకార్టిజోన్ పనిచేస్తుందని 1952లో చూపింది, ఎటోపిక్ డెర్మటైటిస్‌కు పేరుపెట్టినవారిలో ఒకరైన సల్జ్‌బర్గరే, విక్టర్ విట్టెన్‌తో కలిసి. వారాల తరబడి రసికారిన బుగ్గ కొద్ది రోజుల్లో ఆరిపోవడం అప్పటి డాక్టర్లకు నమ్మశక్యం కాలేదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఒకదాన్ని మించి ఒకటి శక్తిగల స్టెరాయిడ్ క్రీములు వచ్చాయి. మన దేశంలో అవి చీటీ లేకుండా మందుల షాపు బల్ల మీదికి చేరాయి. అతి శక్తిమంతమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబును తామరకూ, గజ్జికీ, మొటిమలకూ, తెల్లబడటానికీ, పసిబిడ్డ తొడల మధ్య ఒరుపుకూ ఒక్కటిగా అమ్మారు. చర్మం పలచబడి, నరాలు తేలి, మానేస్తే మండే ముఖాల గురించి దేశంలోని అనేక చర్మవైద్య కేంద్రాలు కలిసి 2011లో నివేదిక ఇచ్చాయి. భారత చర్మవైద్యుల సంఘం పట్టుబట్టిన మీదట, కేంద్రం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అమలు ఎలా ఉందో ఏ ఊరి మందుల షాపులో నిలబడి చూసినా తెలుస్తుంది.

ఈ దుర్వినియోగం ఇంకో చెడు చేసింది. స్టెరాయిడ్ అన్న మాట వింటేనే తల్లిదండ్రులు వణుకుతున్నారు. డాక్టర్ రాసిన తక్కువ శక్తి క్రీమును పప్పుగింజంత రాసి, రెండో రోజే ఆపేస్తున్నారు. జబ్బు తగ్గదు, నెలల తరబడి మొండికేస్తుంది. కొలత తెలియకపోవడం దీనికి సగం కారణం. 1991లో కార్డిఫ్‌లో ఆండ్రూ ఫిన్‌లే, సి.సి. లాంగ్ దీనికి సులువైన కొలత ఇచ్చారు: పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు మీద ట్యూబు నుంచి గీతలా పిండిన క్రీము, పెద్దవాళ్ళ రెండు అరచేతులంత, అంటే వేళ్ళతో సహా రెండు చేతుల అచ్చంత చర్మానికి సరిపోతుంది. సుమారు అర గ్రాము. పసిబిడ్డ ముఖానికి, మెడకు కలిపి అలాంటి వేలికొస ఒకటి చాలు. డాక్టర్ చెప్పినన్ని రోజులు చెప్పినంత రాస్తే తక్కువ శక్తి గల క్రీము బిడ్డకు హాని చేయదన్నది దశాబ్దాల అనుభవం.

జబ్బును గుర్తించే పద్ధతికి కూడా ఇదే కాలంలో ఒక క్రమం వచ్చింది. 1980లో అమెరికా డాక్టర్ జాన్ హానిఫిన్, ఓస్లోలో పనిచేసిన జార్జ్ రాయ్కా కలిసి లక్షణాల జాబితా ఇచ్చారు. 1994లో హైవెల్ విలియమ్స్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం దాన్ని కుదించింది. రక్తపరీక్ష ఏదీ అక్కర్లేదు. దురద తప్పనిసరి, పసివాళ్ళలో బుగ్గలు, నుదురు, చేతులకూ కాళ్ళకూ బయటివైపు, పెద్దయ్యాక మోచేతి, మోకాలి మడతలు, ఒళ్ళంతా పొడిబారడం, ఇంట్లో ఎవరికైనా ఆయాసమో తుమ్ములో ఉండటం. ముక్కు కొసా, డైపర్ కింది చోటూ చాలావరకు శుభ్రంగా ఉంటాయి.

ఈ జాబితాలకు తోడు పుస్తకాల్లో వేసిన ఫొటోలు ఎక్కువగా తెల్లచర్మానివి. ఎరుపు కోసం వెతకమన్నాయి. చామనఛాయ, నల్లని చర్మం మీద ఎగ్జిమా ఊదాగానో బూడిద రంగుగానో ముదురు గోధుమగానో కనిపిస్తుంది, సన్నని గింజల్లా వెంట్రుక కుదుళ్ళ దగ్గర లేస్తుంది. తగ్గాక నెలల తరబడి మచ్చ ఉండిపోతుంది. అందువల్ల నల్లపిల్లల్లో జబ్బు తీవ్రతను తక్కువగా అంచనా వేస్తున్నారని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. 2020లో లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే, తన అధ్యాపకులతో కలిసి నల్లచర్మం మీద జబ్బుల ఫొటోలతో చిన్న పుస్తకం తెచ్చాడు. విచర్చికలో నలుపును చూసిన చరక సంప్రదాయం ఉన్న చోట, మన వైద్య విద్యార్థులు ఇన్నేళ్ళూ ఎరుపు కోసం వెతకడం నేర్చుకున్నారు. ఇది సరిచేయాల్సిన విషయం.

పాల మీది నేరారోపణను దాదాపుగా కొట్టేసిన తీర్పు 2006లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి వచ్చింది. ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలు ఎగ్జిమాకు బలమైన కారణమని చూపింది. చర్మపు పైపొరలో చదునైన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు సున్నంలా ఉంటాయి. ఫిలాగ్రిన్ ఆ ఇటుకలను గట్టిపరుస్తుంది, విరిగినప్పుడు తేమను పట్టి ఉంచే పదార్థాలను ఇస్తుంది. అది తక్కువైతే లోపలి నీరు ఆవిరవుతుంది, బయటి సబ్బూ ధూళీ క్రిములూ లోపలికి దిగుతాయి. యూరప్‌వారిలో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ జన్యులోపాల్లో ఏదో ఒకటి ఉంటుంది. మనవారిలో లోపాల తీరు వేరు. ఎగ్జిమా ఉన్నవారందరికీ ఈ లోపం ఉండదు, లోపం ఉన్నవారందరికీ ఎగ్జిమా రాదు. అయినా చూపు మారిపోయింది. అలర్జీ వల్ల చర్మం చెడుతోంది అనుకున్నదాంట్లో చాలాభాగం తిరగబడి, చర్మం చెడటం వల్ల అలర్జీ వస్తోంది అని తేలసాగింది.

దీనికి ముందే ఒక ఆధారం దొరికింది. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో సుమారు 14 వేల మంది పిల్లలను పుట్టుక నుంచి గమనించిన సర్వేను తీసుకుని, గిడియన్ లాక్ బృందం 2003లో వేరుశనగ అలర్జీ వచ్చిన పిల్లలను పరిశీలించింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేరుశనగ తిన్నదా లేదా అన్నదానితో సంబంధం కనిపించలేదు. దద్దుర్ల మీద వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో అలర్జీ ఎక్కువ కనిపించింది. జపాన్‌లో ఇంకా పెద్ద ఉదాహరణ కనిపించింది. గోధుమ ప్రొటీన్ ముక్కలు కలిపిన ఒక ముఖపు సబ్బు వాడిన రెండు వేలమందికి పైగా మనుషులకు, అంతవరకూ హాయిగా తిన్న గోధుమ పడకుండా పోయింది. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. నోటిగుండా వెళ్ళిన ఆహారాన్ని శరీరం స్నేహంగా చూస్తుంది, చిట్లిన చర్మంగుండా వెళ్ళిందాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది అన్నది లాక్ ప్రతిపాదన.

ఈలోగా పథ్యం అధికారిక సలహాగా ఒక చక్రం తిరిగింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, అలర్జీ కుటుంబాల్లో పాలిచ్చే తల్లులు వేరుశనగ, గింజలు మానాలనీ, గుడ్లు, ఆవుపాలు, చేపలు మానడం గురించి ఆలోచించాలనీ, పిల్లలకు గుడ్డు రెండేళ్ళదాకా, వేరుశనగ మూడేళ్ళదాకా పెట్టొద్దనీ చెప్పింది. మన బామ్మలు చదివితే మెచ్చుకునే సలహా. ఆధారాలు నిలవక 2008లో అకాడమీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2015లో లాక్ బృందం ఫలితం పూర్తిగా ఎదురు దిక్కున వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమానో గుడ్డు అలర్జీనో ఉన్న, 4 నుంచి 11 నెలల వయసు పిల్లలు 640 మందిని తీసుకుని, సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి మాన్పించారు. ఐదేళ్ళు నిండేసరికి మానినవారిలో 17 శాతం మందికి, తిన్నవారిలో 3 శాతం మందికి అలర్జీ ఉంది. పసివాళ్ళకు గింజ గొంతులో అడ్డుపడుతుంది కాబట్టి మెత్తని ముద్దగా, ఎగ్జిమా తీవ్రంగా ఉంటే డాక్టర్ పరీక్షించాకే పెట్టాలి. వేరుశనగ పండే రాయలసీమ ఇంట్లో పాలిచ్చే తల్లికి శనక్కాయలు మాన్పించాల్సిన పని లేదన్నది మాత్రం ఖాయం. ఆవుపాల అలర్జీ నిజంగా ఉన్న పిల్లలు కొందరు ఉంటారు. వాళ్ళను గుర్తించడం డాక్టర్ పని. దురద కనిపించగానే బాలింత పళ్ళెం ఖాళీ చేయడం ఎవరికీ మేలు చేయదు, పాలు తగ్గి బిడ్డ నీరసపడటం తప్ప.

ఇక నూనె సంగతి. తెలుగు ఇళ్ళలో బిడ్డకు లాలపోయడం పెద్ద వేడుక. కాళ్ళు చాచి కూర్చున్న పెద్దావిడ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, కొబ్బరినూనెనో నువ్వులనూనెనో మర్దించి, శనగపిండో పెసరపిండో కలిపిన నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తుంది. మంచి చర్మం ఉన్న బిడ్డ దీన్ని హాయిగా తట్టుకుంటుంది. ఎగ్జిమా బిడ్డకు ఇందులో సగం మేలు, సగం చేటు. నూనె వెనుక ఆధారాలున్నాయి. ఢాకా శిశు ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే రక్తంలో చేరే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని గ్యారీ డార్మ్‌స్టాట్ బృందం 2005లో చూపింది. ఫిలిప్పీన్స్‌లో 2014లో, ఎగ్జిమా పిల్లలకు కొబ్బరినూనె ఖనిజ తైలం కంటే బాగా పనిచేసింది. అన్ని నూనెలూ ఒకటి కావు: షెఫీల్డ్‌లో 2013 నాటి పరీక్షలో ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరిచింది. పసిబిడ్డకు కానుకగా వచ్చే ఖరీదైన ఆలివ్ నూనె సీసా కంటే వంటింటి కొబ్బరినూనె నయం.

తేమక్రీముల గురించి కూడా ఇటీవలి పరీక్షలు కొన్ని ఆశలను సరిదిద్దాయి. పుట్టినప్పటి నుంచి రోజూ క్రీము రాస్తే ఎగ్జిమా రాదేమో అని బ్రిటన్‌లో 1,394 మంది పసివాళ్ళ మీద చూశారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్ళకు రాసినవారిలో 23 శాతం, రాయనివారిలో 25 శాతం మందికి ఎగ్జిమా ఉంది. అంటే తేడా లేనట్టే. రాకుండా ఆపదు గానీ, వచ్చినదాన్ని అదుపులో ఉంచడానికి క్రీమే పునాది. లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగూ పోల్చిన 2022 పరీక్షలో ఏదీ మిగిలినవాటి కంటే మెరుగని తేలలేదు. ఖరీదు చూసి కాదు, బిడ్డ ఒంటికి పడిందీ ఇంట్లోవాళ్ళు రోజూ ఓపికగా రాయగలిగిందీ చూసి ఎంచుకోవచ్చు. స్నానపు నీళ్ళలో కలిపే తైలాలు మాత్రం 2018లో 482 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో ఏ అదనపు ప్రయోజనమూ చూపలేదు.

తగ్గని తీవ్రమైన జబ్బుకు ఇప్పుడు కొత్త మందులున్నాయి. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో 1984లో దొరికిన బ్యాక్టీరియా నుంచి వచ్చిన టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ముఖం లాంటి సున్నితమైన చోట్ల స్టెరాయిడ్ భారాన్ని తగ్గించింది. డూపిలుమాబ్ సూదిమందుకు 2022 జూన్‌లో అమెరికా ఆరు నెలలు నిండిన పిల్లల దాకా అనుమతి ఇచ్చింది. దాని ధర మన మధ్యతరగతికి అందేది కాదు. అదృష్టవశాత్తు చాలామంది పిల్లలకు అంతదూరం వెళ్ళే అవసరం రాదు, బడి వయసుకు జబ్బు బాగా తగ్గుతుంది లేదా పోతుంది. పైగా పిల్లల ఉబ్బసం, అలర్జీల మీద జరిగిన ప్రపంచవ్యాప్త ఐసాక్ సర్వేలో ఆరేడేళ్ళ పిల్లల్లో ఎగ్జిమా అతి తక్కువగా, 0.9 శాతం, కనిపించిన చోటు మన దేశంలోనే ఉంది. అత్యధికంగా 22.5 శాతం ఈక్వెడార్‌లో ఉంది. చలిదేశాల్లో, హీటర్ల గదుల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల ఒంటికి ఇంకాస్త తేమ కావాలి.

కూతురికి పురుడు పోయడానికి డాలస్‌కో లండన్‌కో వెళ్ళే అమ్మమ్మలు ఎగ్జిమా బిడ్డకు లాలపోయడాన్ని మానుకోనక్కర్లేదు, కొంచెం మార్చుకుంటే చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాలు దాటకూడదు. పిండి నలుగు పూర్తిగా మానాలి. గరుకు పిండి చర్మాన్ని గీరుతుంది, తినే పదార్థాల ప్రొటీన్‌ను చిట్లిన చర్మంలోకి రుద్దడం మంచిది కాదని జపాన్ సబ్బు చూపింది. సువాసన సబ్బూ, పసుపూ, వేపాకు ముద్దా, సాంబ్రాణి పొగా వద్దు. మెత్తటి తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్ళు చెమ్మగా ఉండగానే క్రీము దండిగా పట్టించి, డాక్టర్ ఇచ్చిన మందు ఎర్రబడ్డ, నల్లబడ్డ చోట్ల వేలికొస కొలతతో రాసి, గోళ్ళు కత్తిరించి, నూలు చొక్కా తొడిగి పాలకు తల్లి చేతికి ఇవ్వాలి.